గవాక్ష దాయభాగ శాస్త్రం

ఈ శాస్త్రానికి విషయం, కంప్యూటరు తెర మీద కిటికీలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా తెరనంతా వాటాలు వేసి పంచిపెట్టే టైలింగ్ విండో మేనేజర్. ప్రయోజనం, సమయం ఆదా అవుతుందని ప్రతీతి. సంబంధం, తెరకీ పొలానికీ ఉన్నది. ఇక అధికారి, అంటే దీన్ని చదవదగినవాడు, లైనక్స్‌ని ఒక్కసారైనా చెడగొట్టుకుని మళ్లీ వేసుకున్నవాడై ఉండాలి. ఏలూరు కాలవ కింద అన్నదమ్ములతో పొలం పంచుకున్నవాడైతే మరీ మంచిది. అతనికి సగం శాస్త్రం ముందే వచ్చు.

అలాంటివాళ్లు మన వైపు ఎవరున్నారయ్యా అని నిలదీసే ప్రత్యక్షవాదికి అనుమాన ప్రమాణం చూపిస్తాను. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి ఎన్.ఐ.టి. ఉంది. ఎన్.ఐ.టి. ఉన్నచోట కంప్యూటర్ సైన్సు ఉంటుంది. అది ఉన్నచోట హాస్టలుంటుంది. హాస్టలున్నచోట, రేపు పరీక్ష పెట్టుకుని రాత్రి రెండింటికి నల్లటి తెర మీద కిటికీ అంచు రంగు మార్చుకునే కుర్రాడొకడు ఉండి తీరతాడు. పొగను చూసి నిప్పును ఊహించడం కన్నా ఇది గట్టి తర్కం.

ఈ ధర్మం కొత్తది కాదు. 1981లో జిరాక్స్ స్టార్ యంత్రం మీద కిటికీలు పక్కపక్కనే కుదురుగా కూర్చునేవి. 1985 నవంబరులో మైక్రోసాఫ్ట్ తొలి విండోస్ తెచ్చినప్పుడూ అంతే. చిన్నాచితకా డైలాగు పెట్టెలు తప్ప ఒక కిటికీ మరోదాని మీద ఎక్కడానికి వీల్లేదు. సరిగ్గా ఆ ఏడాదే, సెప్టెంబరు 5 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే సమాన వాటా వచ్చింది. చట్టం అచ్చయింది 1986లో, అమలు తేదీని వెనక్కి జరిపారు. అంటే రెండున్నర నెలల తేడాలో ఇక్కడ పొలం మీదా అక్కడ తెర మీదా ఒక్కడే అంతా ఆక్రమించే పద్ధతికి గండి పడిందన్నమాట. ఇది యాదృచ్ఛికం అనేవాళ్లకు ఈ శాస్త్రంలో ప్రవేశం లేదు. 1987లో రెండో విండోస్ వచ్చి కిటికీలను ఒకదాని మీద ఒకటి ఎక్కనిచ్చింది. ఆక్రమణలు మళ్లీ మొదలయ్యాయి.

పంపకాల్లో మూడు సంప్రదాయాలున్నాయి.

మొదటిది ఐత్రీ. 2009లో పుట్టింది. దీన్ని మితాక్షర పక్షం అనాలి. విజ్ఞానేశ్వరుడు సంస్కృతంలో చెప్పి, కేతన తెలుగు చేసిన ధర్మమే ఇందులోనూ నడుస్తుంది. పుట్టగానే వాటా. మొదటి కిటికీ తెరిస్తే తెరంతా దానిదే. రెండోది పుడితే చెరి సగం. మూడోది పుడితే తలా మూడో వంతు, ఎవరూ నోరెత్తరు. చిక్కల్లా సంతానం పెరిగినప్పుడే. 1366 పిక్సెళ్ల వెడల్పున్న లాప్‌టాప్‌లో ఆరుగురు పుడితే ఒక్కొక్కరికీ దక్కేది 227 పిక్సెళ్లు. అందులో వాక్యం పట్టదు, మాట పడుతుంది. కమతాలు ముక్కలై నాగలి తిరగని చోట ఏం చేస్తారో ఐత్రీలోనూ అదే చేయాలి, మళ్లీ ఉమ్మడిలోకి వెళ్లాలి. మాడ్ కీతో డబ్ల్యూ నొక్కితే అందరూ ట్యాబులై ఒకే చూరు కిందికి వస్తారు. ఆస్తి అంతా అందరిదీ, కాకపోతే ఒక్కసారికి ఒక్కరే కనిపిస్తారు. మాడ్ అంటే సాధారణంగా విండోస్ బొమ్మ ఉన్న మీటే. విండోస్‌ని వదిలించుకున్నవాళ్లు పొద్దస్తమానం దాన్నే నొక్కుతూ బతకడం మీద భాష్యకారులెవరూ నోరు విప్పలేదు.

రెండోది డీడబ్ల్యూఎం, 2006 నాటిది. ఇది జ్యేష్ఠ పక్షం. పెద్దవాడికి ఎడమవైపు పెద్ద వాటా, మిగతావాళ్లంతా కుడివైపు ఒకరి కింద ఒకరు. మూలగ్రంథంలో పెద్దవాడి వాటా 0.55 అని రాసి ఉంటుంది. పెద్దకొడుక్కి ఇరవయ్యో వంతు అదనం అని మనువు అన్నాడు. సగానికి ఇరవయ్యో వంతు కలిపితే 0.55, లెక్క అచ్చం సరిపోయిందని ఒక వర్గం సంబరపడుతుంది. తప్పు. ఆ ఇరవయ్యో వంతు ముందు తీసి పక్కన పెట్టి, మిగిలింది చెరి సగం పంచాలి. అప్పుడు ఇద్దరన్నదమ్ముల్లో పెద్దవాడికి వచ్చేది 0.525. ఆ పైన 0.025 ఎక్కడిదో కాగితాలు చూపించాలి. ఇంతకన్నా ఘోరం ఇంకొకటుంది. డీడబ్ల్యూఎంలో ఆఖరున పుట్టిన కిటికీయే పెద్దవాడి స్థానంలో కూర్చుంటుంది. దీనికి ఏ స్మృతిలోనూ ఆధారం దొరకదు. మార్చుకుందామంటే సి భాషలో ఉన్న దస్తావేజు సవరించి మొత్తం మళ్లీ కంపైల్ చేయాలి. అసలు గ్రంథమే 2000 వరసలు దాటకూడదని కట్టుబాటు. మన రిజిస్ట్రేషన్ కాగితాలకు అలాంటి కట్టుబాటు ఉంటేనా!

మూడోది బీఎస్పీడబ్ల్యూఎం. కొత్తగా పుట్టినవాడు ఎవరి పక్కన పుడితే వాడి వాటాలో సగం పుచ్చుకుంటాడు. మిగతావాళ్ల జోలికి పోడు. అలా ఆఖరివాడి పక్కనే పుడుతూ పోతే మొదటివాడికి సగం, రెండోవాడికి పావు, ఆ తర్వాత అరపావు. పెద్దలు తీర్పరులై కూర్చున్న ఏ అరుగు మీదా ఇది నెగ్గదు.

ఇప్పుడు పూర్వపక్షం. మూషికవాది లేచి అంటాడు: "మౌసు ఉండగా ఇదంతా దేనికి? కిటికీ చెవి పట్టుకుని ఈడ్చుకుంటే పోదా?" సమాధానం. 2000 ప్రాంతంలో ఈ సంప్రదాయంలోనే రాట్‌పాయిజన్ అనే మేనేజరు వచ్చింది. పేరులోనే మందు ఉంది. డెల్టా రైతుకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఎలుక గట్టులోనే బొరియ చేస్తుంది, నీరు అక్కడినుంచే జారుతుంది. అందుకే ఊళ్లన్నీ ఒకేసారి బ్రోమోడయోలోన్ ఎరలు పెడతాయి. ఒక్కడే పెడితే ఎలుక పక్కచేలోకి పోతుంది.

గట్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి గ్యాప్స్ విచారం. కిటికీకీ కిటికీకీ మధ్య ఖాళీ వదలడం ఐత్రీలో మొదట లేదు. విడిగా ఒక శాఖగా ఉండి, 2023లో అసలు గ్రంథంలో కలిసింది. రెండు కిటికీల మధ్యా చుట్టూతా 10 పిక్సెళ్ల గట్టు వేస్తే పోయేదెంత? 1366 బై 768 తెర మీద నేను కొలిచాను. మూడు నిలువు గట్లు, పైనా కిందా రెండు అడ్డ గట్లు, వెరసి 49,760 పిక్సెళ్లు. ఎకరానికి దాదాపు అయిదు సెంట్లు. ఏలూరు దగ్గర అయిదు సెంట్ల ఖరీదు తెలిసినవాడెవడూ ఈ పని చేయడు. ఏటా దమ్ము చేసేటప్పుడు పక్కవాడి గట్టు పారెడు చెక్కి తనలో కలుపుకునే జాతి మనది. అలాంటి కడుపున పుట్టిన కుర్రాడు గట్లు వెడల్పు చేస్తున్నాడేమిటంటే, వాటి సందుల్లోంచి వెనకున్న బొమ్మ కనబడాలట. కొల్లేటి ఒడ్డున ఆటపాక గూడబాతుల ఫోటో. రెండు ముక్కులూ ఒక రెక్కా కనిపిస్తాయి.

కైకలూరు వైపు చేపల చెరువులున్న మేనమామ ఒకాయన సెలవలకు వచ్చిన మేనల్లుడి వెనక నిలబడి ఈ పని కాసేపు చూశాడని అనుకుందాం.

"ఏరా అల్లుడూ, ఇంతకీ ఈ గట్ల మధ్య ఏం పండిస్తావు?"

"ఇంకా గట్లే అవలేదు మావయ్యా."

చెరువులు తవ్వించినవాడు కాబట్టి ఆయనకు అర్థమయ్యే ఉంటుంది.

ఇక తెలుగువాడికే ప్రత్యేకించిన గట్టు తగాదా ఒకటుంది. తెలుగులో రాయడానికి ఐబస్ పెట్టుకుంటాం. ఇంగ్లీషు నుంచి తెలుగుకు మారడానికి అది వాడే జోడీ విండోస్ మీట, స్పేస్. వాటాలకు లొంగక పైన తేలే కిటికీలకూ వాటాల్లో పాతుకున్న కిటికీలకూ మధ్య దూకడానికి ఐత్రీ రాసిపెట్టుకున్న జోడీ కూడా అదే. ఎవడు ముందు పట్టుకుంటే వాడిది, రెండోవాడు నోరుమూసుకుని పోతాడు. ఫలితం, తెలుగు వస్తుందనుకుని నొక్కితే కిటికీ మారుతుంది, కిటికీ మారుతుందనుకుని నొక్కితే అమ్మకు రాసే ఉత్తరం సగంలో ఇంగ్లీషవుతుంది. ఐబస్‌కి వేరే మీట ఇచ్చి రాజీ చేయడమే ఉత్తమం. అలాగే ప్రోగ్రాములు పిలిచే డీమెనూ పట్టీ ఒత్తులు పలకదు. "తమ్మిలేరు" అని పేరు పెట్టిన స్క్రిప్టు అందులో మకారాలు విడిపోయి కనిపిస్తుంది. రోఫీ పెట్టుకుంటే అతుక్కుంటుంది. ఐత్రీ అడుగు పట్టీ మాత్రం తెలుగును చక్కగా చూపిస్తుంది. కాబట్టి వర్క్‌స్పేసులకు ఏలూరు, దెందులూరు, భీమడోలు, పూళ్ల, తాడేపల్లిగూడెం అని పేర్లు పెట్టుకోవచ్చు. ఏ పాసింజరూ ఇవ్వని సుఖం ఇది, ఏలూరులో ఎక్కి భీమడోలులో ఆగకుండా గూడెంలో దిగొచ్చు.

మిగిలింది తేలే కిటికీలు. అన్నిటినీ పాతాల్సిందే అనే ఛాందసులున్నారు. వాళ్ల తెర మీద "సేవ్ చేయమంటారా" అన్న ఒక్క వాక్యం సగం తెర ఆక్రమించుకుని కూర్చుంటుంది. కొల్లేరు ఎరిగినవాడు ఆ మాట అనడు. బుడమేరూ తమ్మిలేరూ పొంగితే విప్పారి, ఉప్పుటేరు లాగేస్తే ముడుచుకునేదాన్ని ఏ సర్వే నంబర్లో పాతుతారు? 1999లో అభయారణ్యం ప్రకటించి, సముద్రమట్టానికి +5 అడుగుల కాంటూరు వరకూ దానిదే అన్నారు. 2006లో ఆ కాంటూరు లోపల వేసిన చెరువు గట్లను పేల్చి తెగ్గొట్టారు. ఇక్కడ గట్లు తెగుతున్న ఆ ఏడాదే అక్కడ డీడబ్ల్యూఎం వాళ్లు గట్లు వేయడం మొదలుపెట్టారు. లోకంలో గట్ల మొత్తం ఎప్పుడూ స్థిరం అని దీన్నిబట్టి సిద్ధాంతం చేయవచ్చు, కానీ గ్రంథం పెరుగుతుంది.

కాబట్టి తెరకీ ఒక కాంటూరు ఉండాలి. కాలిక్యులేటర్ నిస్సందేహంగా +5 లోపల, దాన్ని తేలనివ్వాలి. పాస్‌వర్డు అడిగే పెట్టె కూడా. సినిమా ఆడే కిటికీ, కొల్లేటి తగాదాలాగే, +3కీ +5కీ మధ్య ఉంది, ఆ వ్యాజ్యం ఎప్పటికి తేలుతుందో చెప్పలేం. వీడియో మీటింగు మాత్రం ఏ కాంటూరుకూ లొంగదు. పాతిపెట్టి ఊపిరి పీల్చుకునేలోగా దానికో చిన్న పట్టీ విడిగా పుట్టి పక్కవాడి వాటాలో దిగుతుంది. దానికోసం కాన్ఫిగ్ ఫైల్లో ప్రత్యేకంగా ఒక వరస రాయాలి. ఆ వరస రాయడానికే మేనల్లుడు సెలవు ఇంకో రెండు రోజులు పొడిగించాడు.