ఆడిబిడ్డకు గంగ మీద ఒడిబియ్యం

బాబ్లీ ఆనకట్ట పర్యవేక్షణ కమిటీ గౌరవ సభ్యులు ముగ్గురికీ,
నాందేడ్ నుంచి ఒక గృహిణి నమస్కరించి రాసుకుంటున్న బహిరంగ విన్నపం.

విషయం: మా ఇంటి మీద మేమే చేసుకుంటున్న ఫిర్యాదు.

ఆర్యా,

నాందేడ్ పాత ఊళ్లో, గోదావరికి నడిచిపోయేంత దూరంలో మా ఇల్లు. మా మామగారి తండ్రి మగ్గం పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చేనాటికి ఈ జిల్లా హైదరాబాద్ రాజ్యంలో ఉండేది. 1956లో గీత జరిగింది, మేం జరగలేదు. ఇంటిపేరు చివర ‘వార్’ తగిలించుకుని, బళ్లో మరాఠీ, ఇంట్లో తెలుగు, అంగట్లో రెండూ కలిపి మాట్లాడుకుంటూ బతికేస్తున్నాం. మా ఆయన చెల్లెల్ని బాసర దగ్గరి ఊరికి ఇచ్చాం. మా ఘాట్ దాటిన నీళ్లే ధర్మాబాద్ తాలూకాలో మీ గేట్ల కింద దూరి, కందకుర్తి దగ్గర మంజీరను కలుపుకుని, ఆమె పండగ స్నానం చేసే మెట్ల దాకా పోతాయి. మామూలుగా ఏ ఇంట్లోనైనా ఆడిబిడ్డదే పైచేయి. మా ఇంట్లో మాత్రం భూగోళం నా పక్షాన ఉంది. నేను ఎగువ, ఆమె దిగువ.

పోయిన మార్చిలో, మీరు నీళ్లు వదిలిన వారానికి ఆమె ఫోన్ చేసింది. ‘వదినా, ఏం సబ్బుపొడి వాడుతున్నవ్? ఇక్కడ గంగల దాని వాసనే వస్తున్నది’ అంది. మా వైపు గోదావరిని గంగ అంటాం. ఆమె నవ్వులాటకే అంది. నాకు నవ్వు రాలేదు. అప్పుడు నా చేతిలో గుప్పెడు సబ్బుపొడి ఉంది మరి.

మీ లెక్కలు మా ఇంట్లో అందరికీ నోటికి వచ్చు. 14 గేట్లు, 2.74 టీఎంసీలు. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం జూలై 1న గేట్లు ఎత్తాలి, అక్టోబర్ 28 దాకా దించకూడదు, మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి. దీనికోసం ఎంత రభస జరిగిందని! 2010 జూలైలో చంద్రబాబు నాయుడుగారు ఎమ్మెల్యేలను వెంటేసుకుని ఈ ఆనకట్ట చూడ్డానికి వస్తే ధర్మాబాద్‌లో అరెస్టు చేశారు. ఆ నాలుగు రోజులూ మేం మరాఠీ చానల్ కాసేపు, తెలుగు చానల్ కాసేపు పెట్టి చూశాం. రెండింట్లోనూ మావాళ్లదే న్యాయం. అయితే ఇంత కొట్లాటా ఎన్ని నీళ్లన్న దాని మీదే. ఎలాంటి నీళ్లని ఏ పక్షంవాళ్లయినా అడిగినట్టు నాకు గుర్తులేదు.

ఒక రాత్రి అమ్మాయి కాలిక్యులేటర్ తీసుకుని కూర్చున్నాను. పట్నంలో మనిషికి రోజుకు 135 లీటర్లు అందాలని సర్కారు లెక్క. అందులో నూటికి ఎనభై వంతులు మురుగై బయటికి పోతుందనీ ఆ లెక్కే చెబుతుంది. మేం ఐదుగురం. రోజుకు 540 లీటర్లు, ఏడాదికి 1,97,100. 2011 జనాభా లెక్కల్లో నాందేడ్ జనం ఐదున్నర లక్షలు. అందరిదీ కలిపితే ఏడాదికి ముప్పావు టీఎంసీ దాటింది! కుళాయి రోజూ రాని ఇళ్లు ఉంటాయి, శుద్ధి అయి పోయే నీళ్లూ ఉంటాయి, కాబట్టి ఇది కాగితం మీది లెక్కే అనుకోండి. అయినా కోర్టు వదలమన్న 0.6 కంటే మేం సింకులూ స్నానాల గదులూ కలిపి వదిలేదే ఎక్కువ. గేటు ఎత్తే పని లేదు, ఇంజినీర్లు వచ్చి నిలబడే పని లేదు, 365 రోజులూ ధార ఆగదు.

నది మురికి అనగానే మా ఆయన ఫ్యాక్టరీల మీద ఉపన్యాసం అందుకుంటాడు. అవి లేవని నేననను. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 351 చోట్ల నదులు చెడిపోయాయని జాబితా వేస్తే అందులో 53 మహారాష్ట్రవే. గోదావరి పేరు నాసిక్ సోమేశ్వర్ గుడి నుంచి రాహేడ్ దాకా, అంటే మా జిల్లా దాకా ఉంది. కానీ ఆ మండలే 2021లో ఇంకో లెక్క చెప్పింది. దేశంలోని పట్టణాల్లో రోజుకు పుట్టే మురుగు 72,368 మిలియన్ లీటర్లు, శుద్ధి అవుతున్నది 20,236. ఇది ఫ్యాక్టరీ నీళ్ల లెక్క కాదు. అంట్లు తోమిన నీళ్లు, బట్టలు ఉతికిన నీళ్లు, స్నానం నీళ్లు, పాయిఖానా నీళ్లు. కాబట్టి మా ఇల్లు గజదొంగ కాకపోయినా దొంగల ముఠాలో ఉంది.

ఇక నేరం వివరాలు.

మాది రెండు పిండివంటల ఇల్లు. దీపావళికి చక్లీలు, సంక్రాంతికి సకినాలు. రెండు రాష్ట్రాల నూనే ఒకే సింకులోకి పోయేది. మాడి నల్లబడిన నూనెను కడాయితో సహా వంచేసి, వెనకనుంచి వేడినీళ్లు కుమ్మరించి, ‘పోయింది’ అనుకునేదాన్ని. పోయిన సంక్రాంతి అయిన వారానికి సింకులో నీళ్లు దిగడం మానేశాయి. ప్లంబర్ వచ్చి కింద వంపు పైపు విప్పి ఇనుప చువ్వతో పొడిస్తే ఒక తెల్లటి ముద్ద ఊడి బకెట్లో దబ్బున పడింది. కరిగి గడ్డకట్టిన కొవ్వొత్తిలా ఉంది. చాకుతో కోసి చూపించాడు. లోపల కరివేపాకు రెబ్బ, నువ్వులు, పాల ప్యాకెట్ మూల కత్తిరించిన చిన్న ముక్క, ఒక రబ్బరు బ్యాండు. ‘కాకూ, హే బఘా తుమ్చ తూప్’ అన్నాడు, మీ ఇంటి నెయ్యి చూసుకోండి అని. నూనె చల్లబడి, సబ్బుతో, నీళ్లలోని సున్నంతో కలిసి అలా రాయి అవుతుందట. పైపులో ఆగింది ఇంతయితే, ఆగకుండా పోయింది ఎంతో! అది నీటి మీద పొరలా పరుచుకుంటే కింద చేపకు గాలి అందదు.

ఇప్పుడు కడాయిని ముందు పాత పేపర్‌తో తుడిచి ఆ తర్వాతే నీళ్లు తగలనిస్తున్నాను. మిగిలిన నూనెలో రంపపు పొట్టు కలిపి నీళ్లు కాచుకునే బంబులోకి వేస్తున్నాం, భలేగా అంటుకుంటుంది. ఎంగిలి కంచాల్లోది కూడా చేత్తో తీసి తడిచెత్తలో వేస్తున్నా. మా అత్తమ్మ చిన్నప్పుడు బూడిదా పీచూ పెట్టి పెరట్లో అంట్లు తోమి, ఆ నీళ్లు అరటిచెట్టుకు పారించేవారట. ఆమె ఈ మాట చెప్పినప్పుడల్లా నేను విననట్టు నటించిన రోజులు గుర్తొస్తాయి.

సబ్బుపొడి డబ్బాలో వచ్చిన చెంచా ఎప్పుడో పోయింది. గుప్పిటే కొలత, నురుగే ప్రమాణం. మురికి వదిలించేది నురుగు కాదమ్మా అని పెద్ద క్లాసుకొచ్చిన మా అమ్మాయి చెప్పింది. కొన్ని పొడుల్లో ఉండే ఫాస్ఫేటు నదిలో పడ్డాక ఎరువవుతుంది. పొలాల మీది ఎరువుకు ఇదీ తోడైతే గుర్రపుడెక్కకు విందే. మా వాళ్లు దాన్ని జలపర్ణి అంటారు, పేరు మాత్రం కావ్యనాయికలా ఉంటుంది. చెంచా కొనుక్కొచ్చి పొడి సగం చేశాను. బట్టలు ఎప్పటిలాగే తెల్లగా వచ్చాయి. అంటే ఇన్నేళ్లూ ఆ మిగతా సగం నేను బట్టలకు వేయలేదు, ఆడిబిడ్డకు పంపించాను.

ఐదేళ్లకోసారి ఆమెకు ఒడిబియ్యం పోస్తాం. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, చీర, రవికె. బియ్యంలో ఒక్క వడ్లగింజ కనిపించినా ఏరి పారేస్తాం, పుట్టింటి ఒడిబియ్యంలో అలాంటివి ఉండకూడదని. మరి మధ్యలో ఆ ఐదేళ్లూ గంగ మీద రోజూ పోసిన ఒడిబియ్యం మాటేమిటి?

అందులో మందులూ ఉన్నాయి. అత్తమ్మ బీపీ మాత్రలు, పిల్లలు సగంలో మానేసిన యాంటీబయాటిక్కులు, గడువు తీరినవన్నీ మా ఆయన పాయిఖానాలో వేసి ఫ్లష్ నొక్కేవాడు, చెత్తలో వేస్తే పిల్లులు తింటాయన్న జాలితో. నీళ్లు శుద్ధి చేసే కేంద్రాలు మందులను పట్టి ఆపడానికి కట్టినవి కావు. 2016 చెత్త నియమాల్లో గడువు తీరిన మందులను ఇంటి ప్రమాదకర చెత్త అన్నారు, పాత బ్యాటరీలూ పెయింటు డబ్బాలతో పాటు విడిగా ఇవ్వమన్నారు. పోయిన నెల ఒక కవర్లో కట్టి, చెత్త తీసుకుపోయే ఘంటాగాడీ డ్రైవర్‌కు ఇచ్చి విషయం చెప్పాను. అతను నన్నొకసారి, కవర్‌ని ఒకసారి చూసి, సీటు పక్కన జాగ్రత్తగా పెట్టుకున్నాడు. తర్వాత అదెక్కడికి పోయిందో అడిగే ధైర్యం నాకింకా రాలేదు. స్నానాలగది యాసిడ్ మాత్రం పూర్తిగా మానేశాం. సెప్టిక్ ట్యాంకులో మన కోసం పనిచేసే సూక్ష్మజీవులను అది చంపేస్తుందని తెలిశాక మా ఆయనే బాటిల్ కొనడం మానేశాడు. టైల్స్ మీద గార ఉంది. ఉండనీ.

వినాయకుడి దగ్గర పెద్ద యుద్ధమే జరిగింది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నీళ్లలో కరగదనీ, ఆ విగ్రహాలు వద్దనీ 2020లోనే కేంద్ర మండలి మార్గదర్శకాలు ఇచ్చింది. మా ఆయనకు తళతళలాడే గణపతి కావాలి. నిరుడు నేనే కుమ్మరి దగ్గర జానెడు మట్టి విగ్రహం తెచ్చి కూర్చోబెట్టాను. నిమజ్జనం రోజు రాత్రి పెరట్లో, కొత్త బకెట్లో. దించగానే బుడబుడమని బుడగలు వచ్చాయి. ముందు చెవులు జారాయి, తర్వాత తొండం. మా అబ్బాయి టార్చ్ పట్టుకుని గంట సేపు కదల్లేదు. తెల్లారి చూస్తే కిరీటం ఒక్కటి గట్టిగా మిగిలి ఉంది. అత్తమ్మ చెయ్యి పెట్టి మెదిపి, ‘పోయి రా తండ్రీ’ అని మల్లెచెట్టు మొదట్లో పోసింది. ఘాట్‌కు పోయి డప్పుల మధ్య విసిరేసి వచ్చినప్పుడు ఆమె గొంతు అలా వణకడం నేనెప్పుడూ వినలేదు.

గల్లీ మండపం గణపతి మాత్రం ఆ ప్లాస్టర్‌దే. ఆ కమిటీలో మా ఆయన ఉన్నాడు. పుణె నేషనల్ కెమికల్ లేబొరేటరీ వాళ్లు అమోనియం బైకార్బొనేట్ కలిపిన నీళ్లలో అలాంటి విగ్రహాలు కరిగే పద్ధతి కనిపెట్టారు. పైన అమోనియం సల్ఫేట్ ఎరువు నీళ్లు, అడుగున సుద్ద ముద్ద మిగులుతాయట. ఆ కాగితం మా ఆయన చొక్కా జేబులో పెట్టాను. చొక్కా ఉతుకుతున్నప్పుడు మళ్లీ నాకే దొరికింది. ఈసారి కాగితం పెట్టను, మీటింగుకు నేనే పోతాను.

ఆడిబిడ్డది తప్పేమీ లేదని కాదు. బతుకమ్మకు ఆమె గునుగు పూలకు బజారు రంగులు అద్దుతుంది, పక్కింటావిడ బతుకమ్మ కంటే ఎత్తు కనిపించాలని ప్లాస్టిక్ పూలు గుచ్చుతుంది. తంగేడు, బంతి, గుమ్మడి పూలను గంగ తనలో కలుపుకుంటుంది, ప్లాస్టిక్‌ను ఎక్కడ కలుపుకుంటుంది? అది ధవళేశ్వరం దాకా ఎవరి ఇంటి ముందు తేలుతుందో. నేను ఫోన్‌లో అదే అన్నాను. ‘నీ సబ్బుపొడి మొదలు ఆపు వదినా, నా పూల సంగతి నేను చూసుకుంట’ అని పెట్టేసింది. మా మధ్య ప్రస్తుతం చర్చలు ఈ దశలో ఉన్నాయి.

మిమ్మల్ని గేట్లు పెంచమనీ తగ్గించమనీ అడగడం లేదు. జూలై 1న మీరు వచ్చినప్పుడు ఎన్ని నీళ్లని రాసుకునే కాగితం మీద పక్కన ఒక గడి గీసి, ‘నాందేడ్, పాత ఊరు, ఒక ఇల్లు, రోజుకు 540 లీటర్లు, సబ్బు సగం, నూనె లేదు, గణపతి లేడు’ అని రాసుకోండి. తెలంగాణ ఇంజినీర్లు ఒప్పుకోకపోతే మా ఆడిబిడ్డ సాక్షి సంతకం పెడుతుంది. ఈ ఏడే ఆమెకు ఒడిబియ్యం పోయాల్సి ఉంది, ఆషాఢం పోయాక వస్తుంది.

ఇట్లు,
ఎగువ వదిన

జతపరచినవి:
పాత ఊరగాయ సీసాలో మా పైపులో దొరికిన ముద్ద (దయచేసి మూత తీయవద్దు).
కొత్త చెంచా కొలత బొమ్మ.
మా ఆయన చొక్కాలో ఉతికిన కాగితం, చదవడానికి వీలైనంత మేర.

ప్రతి: బాసర దగ్గర ఉన్న మా ఆడిబిడ్డకు, తగు చర్య కోసం.