పొగబెట్టకుండా వెళ్లిన చుట్టం

మా కోనసీమలో చుట్టం రావడానికి బస్సు చాలు. వెళ్లడానికి మాత్రం బస్సు, వర్జ్యం లేని వేళ, ఇంటిల్లిపాది అనుమతి, మూడూ కలిసి రావాలి. "అదేంటండీ, అప్పుడే లేచారూ? ఆయ్, ఈ పూటకుండి పొద్దున్నే వెళ్దురుగాని" అంటాడు ఇంటాయన. పనసపొట్టు కొట్టించేశానంటుంది ఇంటావిడ. పిల్లలు అప్పటికే చెప్పులు దాచేసి ఉంటారు. ఇన్నీ దాటుకుని వీధి గుమ్మం దాకా వస్తే అసలు కబుర్లు అక్కడ మొదలవుతాయి. ఇలాంటి సీమలో, చెప్పిన టైముకి లేచి, దండం పెట్టి, ఎవరెంత బతిమాలినా ఆగకుండా వెళ్లిపోయిన చుట్టం నాకు తెలిసి ఒక్కరే. మా తాతయ్య మర్ఫీ రేడియోలోంచి వచ్చే విజయవాడ ఆకాశవాణి.

1948 డిసెంబరు 1న పుట్టిన ఆ కేంద్రమే మాకు ఇంటి స్టేషను. 1963లో విశాఖపట్నం స్టేషను కూడా వచ్చింది గాని, మా ఇంట్లో దానిది వియ్యాలవారి వరస. మర్యాదకి ఓసారి పలకరించి ముల్లు మళ్లీ బెజవాడ మీదికే తిప్పేసేవారు. రేడియో పొద్దున్న వచ్చి వెళ్లేది, మధ్యాహ్నం వచ్చి వెళ్లేది, సాయంత్రం వచ్చి రాత్రి పదకొండు దాటాక వెళ్లేది. మూడు పూటలా వచ్చినా మంచినీళ్లయినా అడగని ఆ చుట్టం మీద మా మామ్మకి వల్లమాలిన అభిమానం.

అభిమానంతో పాటు నిష్ఠూరం కూడాను. రేడియోలో ధర్మసందేహాలు చెప్పే ఉషశ్రీగారు పుట్టింది గోదావరి అవతలి ఒడ్డున కాకరపర్రులో. ఆ లెక్కన ఆయన మామ్మకి ఏదో వరసకి తమ్ముడైపోయాడు. ధర్మసందేహాలు అయిపోగానే "మన గోదారోడయ్యుండి అప్పుడే లేచిపోయాడేంటీ!" అని నొచ్చుకునేది. అది కార్యక్రమం అనీ, దానికో టైముంటుందనీ తాతయ్య చెప్పి చూశాడు. "బెజవాడ నీళ్లు తాగితే అంతే" అని తేల్చేసింది.

రాత్రి వీడ్కోలు మాత్రం చూడ్డానికి బావుండేది. అవును, వినడానికే కాదు, చూడ్డానికి కూడా. ఇంతటితో ఈనాటి ప్రసారాలు సమాప్తమనీ, మళ్లీ రేపు ఉదయం కలుసుకుందామనీ చెప్పి అనౌన్సరుగారు జైహింద్ అనేవారు. తాతయ్య పడకకుర్చీలోంచి లేచి నిలబడేవాడు. మామ్మ గడప మీద నిలబడి, కొంగు సర్దుకుని, రేడియోకేసి చూస్తూ "మంచిది నాయనా" అనేది. ఆ వెంటనే మా కేసి తిరిగి "ఇంత రాత్రప్పుడు ఇంటికెప్పుడెళ్తాడో, ఏం తింటాడో పాపం" అనేది.

అక్కడితో రేడియో కట్టేస్తే మేం గోదావరివాళ్లం ఎలా అవుతాం? జైహింద్ తర్వాత కొన్ని క్షణాలు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం నున్నగా, నిండుగా ఉండేది. మాట ఆగినా అక్కడ ట్రాన్స్‌మిటరు ఇంకా నడుస్తోందన్న మాట. చుట్టం గుమ్మంలో చెప్పులేసుకుంటున్నాడని మా లెక్క. ఆ తర్వాత 'టక్'. వెనకాలే సలసల కాగే నూనెలో వడియాలు వేసినట్టు గరగర. ఇప్పుడు నిజంగా వెళ్లిపోయాడు. అప్పుడు తాతయ్య మీట తిప్పి, రేడియో మీద కుట్టుపూల గుడ్డ కప్పేవాడు.

ఒక్కో రాత్రి ఆ గరగరలోంచే ఎవరో పొరుగు భాషవాడు సన్నగా పాట ఎత్తుకునేవాడు. పగలు ఆకాశంలో ఓ పొర మీడియం వేవ్ తరంగాల్ని పీల్చేస్తుందనీ, పొద్దుగూకితే అది పలచబడుతుందనీ, అప్పుడు ఎక్కడెక్కడి స్టేషన్లూ పైపొరకి తగిలి మన పెరట్లో దిగుతాయనీ సైన్సు మాస్టారు చెప్పాకగాని నాకు తెలీలేదు. మామ్మకి అంత సైన్సు అక్కర్లేదు. "కుర్చీ ఖాళీ అయిందని కూర్చున్నాడు, కూర్చోనీ" అనేది.

ఆ క్రమం తప్పింది 1986 ఆగస్టులో. ధవళేశ్వరం దగ్గర గోదారి నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. లంకల్లో పుట్టిన పిల్లలకి రెండో ఎక్కం రాకపోయినా ఈ మూడంకెలూ వచ్చేవి. ఆ ఏడు గోదారి మూడంకెల్నీ దాటేసి, 35 లక్షల క్యూసెక్కుల పైచిలుకు నీటితో వచ్చి మీద పడింది. ఆ రాత్రుళ్లు మామ్మ రేడియో కట్టనివ్వలేదు. గరగరమని మోగుతున్నా సరే ఉండనిమ్మంది. "గోదారి లేచి కూర్చుంటే మనం పడుకోడమేంటి?" అంది. రేడియో పదకొండింటికి హాయిగా సెలవు తీసుకుందంటే లోకం క్షేమంగా ఉందన్నమాటేనని నాకు తట్టింది అప్పుడే.

తర్వాత మా వీధిలోకి టీవీ వచ్చింది. ఒకే ఒక్క నలుపు తెలుపు టీవీ, ఒకే ఒక్క ఇల్లు. ఆదివారం పొద్దున్న రామాయణానికి చాపల మీద చోటు చాలక, కిటికీ ఊచలకి కూడా జనం వేలాడేవారు. 'అంతరాయానికి చింతిస్తున్నాం' అని బోర్డు పడితే టీవీ వాళ్లు ఎంత చింతించారో తెలీదు గాని, కదిలితే చోటు పోతుందని మేం కదిలేవాళ్లం కాదు. రాత్రి ప్రసారాలు అయిపోయినా అంతే. ఇంటాయన ఆవలించేవాడు, దగ్గేవాడు, లైటు ఆర్పి వెలిగించేవాడు. తెర మీద బూడిదరంగు పట్టీలు నిలబడేవి. "ఇవి రంగుల పట్టీలేరా, మన టీవీకి రంగుల్లేక ఇలా ఉన్నాయి" అని మా బాబాయి విడమరిచి చెప్పేవాడు. ఏది ఎరుపో ఏది పచ్చో పందేలు జరిగేవి. చివరికి తెరంతా చీమలు పట్టేవి. ఆ చీమల్ని కూడా ఇంకాసేపు చూసి, నమ్మకం కుదిరాక లేచేవాళ్లం.

1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. 2000 దాటాక ఇరవైనాలుగ్గంటల వార్తా చానళ్లు దిగాయి. దండం పెట్టి లేచే పద్ధతి అక్కడితో సరి. ఇప్పుడు అర్ధరాత్రి రెండింటికి కూడా టీవీలో మనిషి కోటు వేసుకుని నలుగురితో పోట్లాడుతూనే ఉంటాడు. మామ్మ ఉంటే పోట్లాట మాట అటుంచి, "వీడికి ఇల్లూ వాకిలీ లేవా?" అని ఏడ్చేది.

"రిమోట్ నీ చేతిలోనే ఉందిగా నాన్నా, ఆపెయ్" అంటాడు మావాడు. వాడు హైదరాబాద్‌లో పెరిగాడు, అనగలడు. ఎదుటి మనిషి నోట్లో మాట నోట్లో ఉండగా కట్టెయ్యడానికి నాకు చెయ్యి రాదు. కనీసం ఓ వాక్యం ముగించాక కడదామని రిమోట్ పట్టుకుని కూర్చుంటాను. ఆయన వాక్యం చివరిదాకా వస్తాడు, ఇదిగో అయిపోయింది అనుకుంటాను. మిగతాది బ్రేక్ తర్వాత చెబుతానంటాడు.