గృహస్థుడి ధనుర్విద్య

మా ఇంటి మెట్లలో పైనుంచి నాలుగోది మూలుగుతుంది. పగలు ఎవరికీ వినపడదు. తెల్లవారుజామున నాలుగున్నరకు దాని మీద కాలు పడిందా, ఆ మూలుగు మూడు పడగ్గదుల తలుపులూ తట్టి వస్తుంది. అందుకని మూడో మెట్టు మీంచి నేరుగా ఐదో మెట్టు మీదికి దిగాలి. చేతిలో బూట్లు, చంకలో సంచి, నోట్లో టార్చిలైటు. విలువిద్యలో నేను సాధించింది ఏదన్నా ఉంటే ఇదే. జింక చెవులు మహా చురుకంటారు. నిద్రపోతున్న ఇల్లాలి చెవుల ముందు అవి ఉత్త అలంకారం.

"వెళ్తున్నారా?" అని చీకట్లోంచి వినపడుతుంది. "పోయే ముందు డిష్‌వాషర్లో గిన్నెలు సర్దేసి పొండి."

ఇరవై నిమిషాలు గిన్నెలు సర్దాక దొంగలా బయటపడే పని ఉండదు. అప్పటికి ఇల్లంతా లేచి కూర్చుంటుంది.

మాది పెన్సిల్వేనియాలో హారిస్‌బర్గ్ శివారు. బెజవాడలో ఉన్నన్నాళ్లూ నేను దోమల్ని తప్ప వేటాడిన పాపాన పోలేదు. అంతకు మించితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఊరుకోదు కూడా. ఇక్కడ కథ తిరగబడింది. వేటగాళ్ల కోసం ప్రభుత్వం ఉంచిన అడవులే 15 లక్షల ఎకరాల పైచిలుకు. థాంక్స్‌గివింగ్ వెళ్లాక తుపాకీ సీజను మొదలైతే, ఆ సోమవారం బడికి సెలవిచ్చే ఊళ్లున్నాయి. అమెరికా విల్లువేటకు పెద్దదిక్కుగా చెప్పుకునే ఫ్రెడ్ బేర్ 1902లో పుట్టిన వేన్స్‌బరో మా ఇంటికి కారులో గంటన్నర లోపే. ఇలాంటి చోట నీళ్లు తాగితే ఎవడికైనా విల్లు పట్టాలనిపిస్తుందని నా వాదన. "ఇన్నేళ్లుగా అవే నీళ్లు నేనూ తాగుతున్నాను, నాకేం అనిపించలేదే" అని మా ఆవిడ ప్రతివాదన.

2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వెన్నం జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు గెలిచింది. మా బెజవాడ పిల్ల! కాంపౌండ్ విల్లు! ఊరి అభిమానం ఉప్పొంగి, అదే వారం నేనూ ఒక కాంపౌండ్ విల్లు కొన్నాను. మా ఆవిడ బిల్లు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఆ పిల్ల ఎంత దూరం నుంచి కొట్టింది?"

"50 మీటర్లు."

"మీరు?"

"ప్రస్తుతానికి బేస్‌మెంట్లో, ఈ గోడ నుంచి ఆ గోడకు. 9 గజాలు."

"ఆ పిల్లకు పతకాలు వచ్చాయి. మనకు బిల్లు వచ్చింది" అని దాన్ని ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అంటించింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఈ విల్లు తమాషా ఒకటి చెప్పాలి. 1960లలో మిస్సోరిలో హోలెస్ విల్బర్ ఆలెన్ అనే ఆయన మామూలు విల్లు రెండు కొసలకూ గిలకలు బిగించి చూశాడు. 1969లో పేటెంటు చేతికొచ్చింది. బావిగిలక ఎలా బరువు పంచుకుంటుందో ఇదీ అలాగే. నా విల్లు 50 పౌన్లది. తాడు లాగుతుంటే మొదట ఆ 50 పౌన్లూ భుజం మీద పడతాయి. పూర్తిగా లాగేసరికి గిలకలు తిరిగి, నూటికి 80 వంతుల బరువు అవే మోస్తాయి. మన చేతికి మిగిలేది 10 పౌన్లు. దీన్ని లెట్ ఆఫ్ అంటారు. అందుకే తాడు లాగి పట్టుకుని తీరిగ్గా గురి చూసుకోవచ్చు. ఇదంతా నేను ఉత్సాహంగా చెబితే మా ఆవిడ శ్రద్ధగా విని, "ఆ గిలకలు సంసారానికి కూడా అమ్ముతారేమో కనుక్కోండి" అంది.

నా సాధన రోజుకు 12 బాణాలు. పిల్లలు పడుకున్నాక, ఇండియా ఫోన్లు మొదలవక ముందు, రాత్రి తొమ్మిదిన్నరకీ పదికీ మధ్య సందులో. ద్రోణుడు అర్జునుణ్ణి ఏం కనపడుతోందని అడిగితే పిట్ట కన్ను ఒక్కటే కనపడుతోందన్నాడట. అర్జునుడికి బేస్‌మెంటు లేదు. నాకు ఫోమ్ దిమ్మె వెనక వాటర్ హీటరు, దాని పక్కన ట్రెడ్‌మిల్లు, ఆ పక్కన పిల్లల పాత ఉయ్యాల, ఈ చివర నాలుగు సోనా మసూరి బస్తాలు కనపడతాయి. కళ్లు మూసుకుని బాణం వదలడం ఒక అభ్యాసం. గురి మీద ధ్యాస పోకుండా భంగిమ కుదురుతుందని. రెండో వారం ఆ అభ్యాసం చేశాను. ఠప్ మనాల్సిన చోట సర్ర్ మంది. కళ్లు తెరిస్తే 20 పౌన్ల సోనా మసూరి బస్తా కడుపులోంచి తెల్లగా బియ్యం ధార.

అదే నా మొదటి వేట. ఇంటికి ఆహారం తెచ్చేవాడే వేటగాడంటారు. నేను ఇంట్లో ఉన్న ఆహారాన్నే కొట్టాను. ఆ బియ్యం ఏరడానికి పట్టిన రెండు గంటల్లో, నిద్ర లేచొచ్చిన మా వాడు నన్ను అడిగిన ప్రశ్న ఒకటే: "నాన్నా, ఇది ఎన్ని పాయింట్లు?"

2024 ఆగస్టులో మా అత్తగారు ఆరు నెలల వీసా మీద వచ్చారు. వచ్చిన మర్నాడే పెరడు ఆవిడ ఏలుబడిలోకి వెళ్లింది. మేలో మా ఆవిడ వేసిన గోంగూర నడుమెత్తు దాకా ఎదిగింది. చిక్కుడు పాదు పందిరెక్కి పూత మీద ఉంది. రాత్రిళ్లు కింద నుంచి వచ్చే ఠప్ ఠప్ చప్పుళ్లు ఆవిడ మూడు రోజులు ఓర్చుకున్నారు. నాలుగో రోజు భోజనాల దగ్గర మెల్లగా ఎత్తారు.

"అల్లుడు గారూ, మీరు చదువుకున్నవారు. మన పురాణాల్లో వేటకెళ్లిన సంసారి ఒక్కడంటే ఒక్కడు నవ్వుతూ ఇంటికొచ్చాడా?"

నేను ముద్ద మింగేలోపు ఆవిడ వేళ్లు మడిచారు. దశరథుడు చప్పుడు విని బాణమేసి శాపం మోసుకొచ్చాడు. పాండురాజు జింకనే కొట్టాడు, తీరా చూస్తే అది ముని. పరీక్షిత్తు వేటలో దాహమేసి చచ్చిన పామును ముని మెళ్లో వేసి, బతికున్న పాము చేత పోయాడు. అంతెందుకు, రాముడంతటివాడు జింక వెనకాల వెళ్లొచ్చేసరికి ఇంట్లో ఇల్లాలు లేదు.

"రావణుడొచ్చినా సాకర్ ప్రాక్టీసు అయ్యేదాకా ఆగమను అమ్మా. కారు నేనే నడపాలి" అంది మా ఆవిడ.

నాకు శ్రీకాళహస్తి గుర్తొచ్చింది. "కన్నప్ప ఉన్నాడుగా అత్తయ్య గారూ! వేటగాడే. శివుడికి మాంసమే నైవేద్యం పెట్టాడు."

"పెట్టాడు. కళ్లు కూడా పెట్టాడు. మీరు పెడతారా? మజ్జిగ పొయ్యనా?"

వాసన సంగతి కూడా చెప్పాలి. జింకకు ముక్కే ప్రాణం. గాలి మన మీంచి దాని వైపు వీచిందంటే ఆ పూటకు వేట ముగిసినట్టే. అందుకని వేటగాళ్లు వాసన లేని సబ్బుతో స్నానం చేసి, వాసన లేని పొడితో బట్టలుతికి, వాటిని ఇంటి వాసన తగలకుండా డబ్బాలో దాస్తారు. తెలుగింట్లో ఇది ఎంత మాట! మా ఇంట్లో గోడలకే తాలింపు పట్టి ఉంటుంది. పొద్దున అగరొత్తులు, మధ్యాహ్నం ఇంగువ, సాయంత్రం ఆవకాయ. నేను శుక్రవారం రాత్రి ఒళ్లు తోముకుంటుంటే తలుపు బయటి నుంచి మా ఆవిడ, "పెళ్లిచూపులకు కూడా ఇంత శుభ్రంగా రాలేదు మీరు" అంది.

ఇక సీజను. ఆ ఏడు విల్లువేట అక్టోబరు 5న మొదలై నవంబరు దాకా. అప్పటికింకా ఆదివారాల వేటకు ఏవో కొద్ది రోజులు తప్ప చట్టం ఒప్పుకునేది కాదు. ఉద్యోగస్థుడికి మిగిలేది శనివారాలు. లెక్కేస్తే ఏడు. కాగితం మీద ఏడు శనివారాలు ఏడుకొండల్లా కనపడ్డాయి. మొదటిది మా వాడి సాకర్ టోర్నమెంటుకు పోయింది. రెండోది సరిగ్గా దసరా. బేస్‌మెంట్లో బొమ్మల కొలువు తీరింది, నా 9 గజాల మైదానం తొమ్మిది రోజులు దశావతారాల పాలైంది. నాలుగోది దీపావళి వేడుకల్లో మా అమ్మాయి కూచిపూడికి రాసిచ్చేశాం. ఐదు, ఆరు, ఏడు... అక్కడ దెబ్బ తిన్నాను.

తెల్లతోక జింకలు నవంబరు నడిమికి అటూ ఇటుగా జతకు వస్తాయి. ఏడాదంతా నీడలా తిరిగే మగ జింక ఆ రెండు మూడు వారాలూ ఒళ్లు మరిచి, పట్టపగలు ఆడజింకల వెంట పడుతుంది. వేటగాళ్లు ఏడాది సెలవులన్నీ ఆ వారాలకే దాచుకుంటారు. ఆ వారాలకు మా ఇంట్లో ఇంకో పేరుంది: కార్తీక మాసం. ఇంట్లో కోడిగుడ్డు కూడా ఉండదు. సోమవారం ఉపవాసాలు, సాయంత్రం దీపాలు, 365 వత్తులు. ఆ నెలలో విల్లు పట్టుకుని అడవికి పోతానన్నవాణ్ణి ఉసిరి కొమ్మతో కొడతారు. జింకల పంచాంగమూ మన పంచాంగమూ ఎవరు రాశారో గాని, పక్కపక్కన కూర్చుని రాసి ఉండాలి.

మిగిలింది మూడో శనివారం ఒక్కటి. అక్టోబరు 19.

ఆఫీసులో పక్క సీటాయన వాళ్ల నాన్న పొలం గట్టున చెట్టుకు బిగించిన నిచ్చెన పీట ఎక్కాను. 15 అడుగుల ఎత్తు. నడుముకూ భుజాలకూ పట్టీలు బిగించి చెట్టుకు కట్టేసుకుని కూర్చున్నాను. చుట్టూ చీకటి. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. హోంవర్కు లేదు, మీటింగు లేదు, "నాన్నా, వాడు చూడు" లేదు. తెల్లవారుతుంటే ఎర్రమాపుల్ ఆకు ఒకటి రాలడం చూశాను. మొదలు నుంచి చివరిదాకా చూశాను. ఒక పనిని మొదలు నుంచి చివరిదాకా చూసి ఎన్నేళ్లయిందో లెక్క అందలేదు.

అప్పుడు గిలకలు గుర్తొచ్చాయి. నేనీ పీట మీద 10 పౌన్లతో కూర్చున్నానంటే మిగతా 40 ఎవరి భుజాన ఉన్నట్టు? ఈ పూట సాకరు, కూచిపూడి, మా అత్తగారి రక్తపరీక్ష, మూడూ ఒక్క కారులో తిరుగుతున్నాయి. గిలకలు అమ్ముతారేమో కనుక్కోమంది గాని, ఆ పని తానే చేస్తున్నట్టు మా ఆవిడ ఎప్పుడూ అనలేదు. తిరిగి వెళ్లాక వచ్చే శనివారమంతా కారు నేనే నడపాలని తీర్మానించుకున్నాను. అంత ఎత్తున మనిషికి మంచి ఆలోచనలే వస్తాయి.

ఏడున్నరకు వచ్చింది. ఆడజింక. 18 గజాలు. తాడు లాగాను. గిలకలు తిరిగాయి. చేతిలో 10 పౌన్లు. గుండెలో మాత్రం 50. అది ఒక్కడుగు వేస్తే పక్క చూపుతుంది, ఇక వదలడమే. గాలి మారింది. అది తలెత్తింది, ముక్కు ఎగబీల్చింది, ఫూ మని చీదింది. తోక తెల్లగా పైకెత్తి నాలుగు గంతుల్లో మాయమైంది. యుద్ధంలో ఓడినవాడు తెల్లజెండా ఎత్తుతాడు. ఇక్కడ గెలిచింది ఎత్తింది.

కారణం నా చొక్కా జేబులో దొరికింది. నాలుగున్నరకు మా అత్తగారు చేతిలో పెట్టిన పొట్లం. "అడవిలో ఆకలేస్తుంది అల్లుడు గారూ" అన్నారు. పులిహోర. ఇంగువ ఘాటు ఆ చెట్టుకు ఇవాళ్టికీ ఉండి ఉంటుంది. ఆవిడ ప్రేమతో పెట్టారా, వ్యూహంతో పెట్టారా అని పొట్లం విప్పి చాలాసేపు ఆలోచించాను. ఆలోచిస్తూనే మొత్తం తినేశాను.

ఫోన్ వణికింది. మా ఆవిడ పంపిన ఫొటో. పెరటి కెమెరాలో పడింది. మూడు జింకలు. ఒకటి చిక్కుడు పందిరికి ముందుకాళ్లు ఆనించి నిలబడి కాయలు కోస్తోంది. రెండు గోంగూరలో ఉన్నాయి. కింద ఒక్క ముక్క రాసింది: "మీ కోసం వచ్చాయి. లేరని చెప్పాను."

ఇంటికొచ్చేసరికి మా అత్తగారు పందిరి కింద నిలబడి ఉన్నారు. గోంగూర మొండిమొక్కల వంక చూసి, "అల్లుడు గారూ, ఆ విల్లేదీ?" అన్నారు.

"పురాణాలు..."

"పురాణాల్లో జింకలు ఎవరి చిక్కుడుకాయలూ తినలేదు."

అప్పుడు చట్టం విప్పి చెప్పాల్సి వచ్చింది. ఇక్కడ విల్లుతో వేటాడాలంటే, ఆ ఇంటివాళ్లు ఒప్పుకుంటే తప్ప, మనుషులుండే ఇంటికి 50 గజాల దూరం ఉండాలి. మా పెరటికీ పక్కింటి వంటగదికీ మధ్య 15 గజాలు లేదు. అంటే అడవిలో కొట్టవచ్చు గాని అక్కడ జింక ఉండదు. పెరట్లో జింక ఉంటుంది గాని అక్కడ కొట్టకూడదు. ఆవిడ నిదానంగా విని, లోపలికెళ్లి స్టీలు పళ్లెం, గరిటె తెచ్చుకున్నారు. కార్తీకమంతా సంధ్యవేళ దీపం పెట్టడం, పళ్లెం మోగించడం ఒకేసారి సాగాయి. జింకలు హారతికొచ్చినట్టు వేళకొచ్చేవి.

డిసెంబరు 26న రెండో విడత విల్లువేట మొదలైంది. ఆఫీసుకు సెలవులు, బడికి సెలవులు, సాకరు లేదు, కార్తీకం వెళ్లిపోయింది. ఈసారి నా పక్షాన పంచాంగం కూడా ఉంది. ఆ సాయంత్రం విజయగర్వంతో అన్నాను: "అత్తయ్య గారూ, ఇది ధనుర్మాసం! పేరులోనే ధనుస్సుంది."

"ఉంది బాబూ. తెల్లారకముందే లేచి తిరుప్పావై చదువుకుని, పొంగలి నైవేద్యం పెట్టాల్సిన నెల. ఈ చలికి నా మోకాళ్లు మెట్లు దిగనివ్వడం లేదు. మీకెలాగూ నాలుగున్నరకు లేచే అలవాటుందిగా. పెసరపప్పు, బియ్యం రాత్రే కొలిచి పెడతాను."

మర్నాడు నాలుగున్నరకు నాలుగో మెట్టు మీదే కాలేసి దిగాను. ఇప్పుడెవరి దగ్గర దాచాలి? మూలుగు విని మా ఆవిడ అటు తిరిగి పడుకుంది. నేతిలో మిరియాలు చిటపటలాడాయి, ఇంగువ వేశాను. తెల్లవారుతుంటే వంటింటి కిటికీలోంచి చూశాను. మంచు మీద మూడు జింకలు, ఎండిన చిక్కుడు పందిరి పక్కన, ముక్కులు ఇటే ఎత్తి నిలబడ్డాయి. ఇంగువ వాసనకు ఈసారి అవి పారిపోలేదు. అలవాటు పడ్డట్టున్నాయి.

20 గజాలు. పక్కకు తిరిగి నిలబడ్డాయి. గాలి లేదు. నా చేతిలో గరిటె ఉంది.