బాధకు పది మార్కులు

కర్ణాటక అంచున అత్తిబెలె దాటితే తమిళనాడు హోసూరు, రాష్ట్రమే మారిపోతుంది. ఆ రోడ్డు పొడుగునా ఫ్యాక్టరీలు, వాటిలో ఇంటర్న్‌షిప్పుకి చేరిన మన చిత్తూరు, అనంతపురం పిల్లలు. సెమిస్టరు ఆఖర్న అందరికీ ఒకటే జ్వరం: రిఫ్లెక్టివ్ కేస్ స్టడీ రిపోర్టు. చూసినదాని గురించి ఆలోచించి రాయమంటే ఎవరికి చేదు? కానీ ఆలోచన పుట్టకముందే కాలేజీవారు దానికి గళ్లు గీసి పెడతారు.

ఈ గళ్లకు మూలపురుషుడు గ్రాహం గిబ్స్. ఏం జరిగింది, ఏమనిపించింది, మంచేది చెడేది, ఎందుకలా జరిగింది, ఇంకేం చేయగలిగేవాడివి, మళ్లీ వస్తే ఏం చేస్తావు అంటూ 1988లో ఆరు మెట్ల చక్రం గీశాడు. అది మన కాలేజీలకొచ్చేసరికి బ్యాంకు చలానా అయిపోయింది. ‘ఏమనిపించింది’ గడికి పది మార్కులు. ఏమీ అనిపించనివాడి గతి అంతే! అందుకని మొదటిరోజు భయపడతారు, రెండోవారం ధైర్యం తెచ్చుకుంటారు, చివరిరోజు కళ్లు చెమర్చుకుంటారు. పేరోల్ సెక్షన్‌లో కూర్చున్నవాడూ, లేత్ దగ్గర నిలబడ్డవాడూ ఒకే వరసలో చెమర్చుకుంటారు.

ప్లానింగ్ సంగతి సీనియర్లు చెబుతారు. ముగింపు ముందు రాసెయ్: ‘టీమ్‌వర్క్ విలువ తెలిసింది.’ దానికి తగ్గ సమస్య తర్వాత వెతుక్కో. సమస్య చిన్నదిగా ఉండాలి, తప్పు నీదై ఉండాలి. కంపెనీదైతే సర్టిఫికెట్ మీద సంతకమెవరు పెడతారు? తెలిసిన సూత్రం పారని చోట, పని చేస్తూనే ఆలోచించేవాళ్ల గురించి డొనాల్డ్ షాన్ 1983లో పుస్తకమే రాశాడు. మన రిపోర్టుల్లో సూత్రం పారకపోవడమన్నది ఇంతవరకూ జరగలేదు.

అసలైన కేసు అత్తిబెలెలోనే ఉంది. 2023 అక్టోబరు 7, శనివారం. దీపావళి సరుకు దించుతుండగా బాణసంచా గోదాముకి నిప్పంటుకుంది. చనిపోయినవారి లెక్క 14 దాటింది. తమిళనాడు నుంచి సీజను పనికొచ్చిన కుర్రాళ్లే ఎక్కువ. వాళ్లలో చదువుకుంటున్నవాళ్లూ ఉన్నారు, అంటే ఈ రిపోర్టులు రాసే వయసువాళ్లే. విచారణ సీఐడీకి వెళ్లింది. లైసెన్సు ఎంత సరుక్కి, నిల్వ ఎంత, తనిఖీకి ఎవరొచ్చారు, ఏం రాసుకుపోయారు? ఆరు గళ్లలో ఏ గడీ ఈ ప్రశ్నలు అడగదు. గళ్ల ప్రకారం నింపితే ఇలా తేలుతుంది: ‘ఈ ఘటన నన్ను కలచివేసింది. భద్రత ప్రాముఖ్యం గ్రహించాను. ఇకపై జాగ్రత్తగా ఉంటాను.’ నువ్వు జాగ్రత్తగా ఉంటే గోదాములో సరుకు తగ్గుతుందా, నాయనా?

ఎవడైనా తెగించి లైసెన్సు గొడవే రాశాడనుకోండి. స్పైరల్ బైండింగుకి ముందే గైడు ఎర్రసిరా పడుతుంది: ‘విషయం బాగుంది. కానీ ఇందులో నువ్వెక్కడ? ఫీలింగ్స్ పెంచి సోమవారం తీసుకురా.’