పాత దెబ్బ, కొత్త మందు

అమెరికాలో ఒక ఆటకు రూల్సు మారినందుకు నగరిలో మా మిద్దె మీద నలుగురు పిల్లోళ్ళు తెల్లార్లూ కొట్లాడుకున్నారు. నిద్ర చెడింది మాత్రం నాకు. కింద పవర్‌లూములు టకటకలాడుతుంటే గురకపెట్టి నిద్రపోయే రకం నేను. మా ఊళ్ళో సగంమంది అంతే, కరెంటు పోయి మగ్గం ఆగితేనే మెలకువొస్తుంది. కానీ నెత్తిమీద నుంచి "నువ్వు ఏ సంవత్సరం పుస్తకం ప్రకారం చచ్చినావో ముందు అది చెప్పురా" అని వినబడితే ఎవరికి నిద్ర పడుతుంది?

విషయమేమంటే, మా అక్క కొడుకు చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. ఎండాకాలం భారతం ఉత్సవం చూపిస్తానని ముగ్గురు స్నేహితుల్ని వెంటేసుకొని ఏకాంబరకుప్పం స్టేషన్లో దిగినాడు. బ్యాగుల్లో బట్టల కంటే పుస్తకాలు జాస్తి. ఏదో పరీక్షకు చదువుతున్నారనుకొని మా ఆవిడ మురిసిపోయింది. తీరా చూస్తే అవి ఆట పుస్తకాలు. ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఆడేవాళ్ళ పుస్తకం ఒక్కటే 384 పేజీలు. అంత లావు పుస్తకం చదవకుండానే నేను ఇంటర్ పాసయినాను.

ఆట తీరు ఇది. ఒకడు కథ నడుపుతాడు, వాణ్ణి డంజన్ మాస్టర్ అంటారు; ఇక్కడ అది మా మేనల్లుడు. తక్కినవాళ్ళవి తలా ఒక వేషం: కత్తి వీరుడు, మంత్రగత్తె, దొంగ. మన వీధినాటకమే అనుకోండి, కాకపోతే మొహానికి రంగు లేదు, కూర్చున్న చోటు నుంచి లేవరు. "నేను తలుపు పగలగొడతా" అని చెప్పి ఇరవై మొహాల పాచిక వేస్తే, పడిన అంకెను బట్టి తలుపన్నా పగులుతుంది, భుజమన్నా పోతుంది. భుజం పోతే పక్కనే పుత్తూరు, కట్టు కట్టించుకోవచ్చు కదా అన్నాను. పుస్తకంలో లేదన్నారు. రాక్షసుల బొమ్మలు చెన్నైలో మర్చిపోయి వచ్చినందువల్ల మా అవ్వ డబ్బాలోని చింతగింజలు గాబ్లిన్లయినాయి. ఒక వక్క డ్రాగన్ అయింది.

ఈ ఆటను 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చినారు. ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కూడా సరిగ్గా 1974దే. అక్కడ పాచికలేసి ఆడుకొమ్మని పుస్తకం అచ్చేసిన ఏడే ఇక్కడ పందెమాడితే లోపలేస్తామని చట్టం అచ్చేసినారు. అందుకేనేమో మా ఎదురింటాయనకు ఈ పిల్లోళ్ళ మీద మొదట్నుంచీ అనుమానం. రాత్రిపూట మిద్దె మీద నుంచి "మూడొందల బంగారు కాసులు నావి", "దొంగను ముందు పంపుదాం", "మందు తాగేదానికి ఎంతసేపురా" అనే మాటలు ఆయన చెవినబడ్డాయి. పొద్దున్నే నన్ను పక్కకు పిలిచి, "ఏమప్పా, మీ అక్క కొడుకు బుద్ధిమంతుడనుకున్నానే" అన్నాడు.

నిజానికి ఆ మందే గొడవకు మూలం.

ఈ ఆట పుస్తకాన్ని ఎప్పటికప్పుడు తిరగరాస్తా ఉంటారు. 2000లో మూడో ఎడిషన్, 2008లో నాలుగోది, 2014లో ఐదోది. మళ్ళీ 2024 సెప్టెంబరులో ఇంకో పుస్తకం దించినారు. దీన్ని ఆరో ఎడిషన్ అనరంట, ఐదోదాన్నే దిద్దినామంటారు. దిద్దినదానికి మళ్ళీ డబ్బులెందుకు కట్టాల అని అడిగితే మా మేనల్లుడు మాట మార్చినాడు. అభిమానుల్ని తక్కువంచనా వేయడానికి కూడా లేదు. 2023 జనవరిలో ఈ ఆటను అచ్చేసే కంపెనీ, విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్, దీని రూల్సును బయటివాళ్ళు వాడుకునే పాత లైసెన్సు షరతులు మార్చబోతే ఆడేవాళ్ళంతా ఒక్కటై గగ్గోలు పెట్టినారు. కంపెనీ ఆ నెలాఖరుకల్లా వెనక్కి తగ్గి, అసలు రూల్సును ఎవరైనా వాడుకోవచ్చని జనానికే వదిలేసింది. మా నూలు ధరల మీద ఇట్లాంటి ఐకమత్యం ఎప్పుడన్నా చూస్తామా అని నాకు ఆశ.

2014 పుస్తకంలో గాయం మాన్పే మందు తాగితే ఆ వంతు దానికే సరి. బుడ్డి ఎత్తినావా, కత్తి దించినట్టే. అది అన్యాయమని చాలామంది తమ ఇళ్ళల్లో సొంత రూలు పెట్టుకొని, మందు గటగటా తాగేసి అదే వంతులో కత్తి కూడా తిప్పేవాళ్ళు. చివరికి 2024 పుస్తకం కూడా సరే అన్నది. తాగడం ఇప్పుడు బోనస్ పని, దాంతోబాటు కొట్టొచ్చు. ఇంతవరకూ అందరూ సంతోషమే.

ఇంకో పక్క పాలడిన్ అని ఒక వేషముంది. దీక్ష పట్టిన వీరుడన్నమాట, మన దగ్గర అగ్నిగుండం తొక్కేదానికి కంకణం కట్టుకున్నవాళ్ళలాగా. వాడికి దైవబలంతో కొట్టే దెబ్బ ఒకటుంది. 2014లో కత్తి తగిలిన ప్రతిసారీ, శక్తి ఉన్నంతవరకూ, ఆ దెబ్బ వేసుకోవచ్చు. 2024లో దాన్ని మంత్రం చేసి, అదీ బోనస్ పనే అన్నారు. వంతుకు ఒకటే బోనస్ పని. అంటే మందన్నా తాగు, దైవదెబ్బన్నా వెయ్యి. రెండూ కుదరవు.

మిద్దె మీది పాలడిన్ ఒక గడ్డం పిల్లోడు. తిరుత్తణి వాడు, తెలుగులో మొదలుపెట్టి కోపమొస్తే అరవంలోకి దిగిపోతాడు. వక్క డ్రాగన్ వాణ్ణి చావు అంచుదాకా తెచ్చింది. వాడు మందు తాగినాడు, కత్తితో కొట్టినాడు, దైవదెబ్బ కూడా వేసినాడు. వక్క ఎగిరి సన్‌షేడ్ మీద పడింది.

"ఆగు" అన్నది మంత్రగత్తె. పుత్తూరు పిల్ల, కళ్ళద్దాలు, గొంతు లేపదు. "మందు ఏ పుస్తకంలోది?"

"2024."

"దెబ్బ?"

"2014. అదే కదా అసలు దెబ్బ!"

"మందు కొత్తది, దెబ్బ పాతదా? పెండ్లిలో కట్నం పాత పద్ధతి, ఖర్చు కొత్త పద్ధతి అన్నట్టుంది."

దాంతో మొదలయింది. దొంగ వేషగాడు పాలడిన్ పక్షం చేరినాడు, డ్రాగన్ బతికితే తర్వాత మండేది వాడే కాబట్టి. రెండు గంటలప్పుడు నేను పైకెక్కితే నలుగురి చేతుల్లో నాలుగు సెల్‌ఫోన్లు, మధ్యలో రెండు పుస్తకాలు తెరిచి, గాలికి పేజీలు ఎగరకుండా వాటి మీద నా చెప్పులు. నన్ను చూసి మా మేనల్లుడు, "మామా, నువ్వే చెప్పు" అన్నాడు. నేను చెప్పులు తీసుకొని దిగొచ్చినాను.

పొద్దున టిఫిన్ దగ్గర ఆ పుస్తకంలోని ఇంకో మార్పు చదివి వినిపించినారు. 2014లో ఏ జాతిలో పుడితే ఆ జాతి బలం వచ్చేదంట. ఎల్ఫ్‌గా పుడితే చురుకుదనం రెండు పాయింట్లు జాస్తి. 2024లో ఆ పాయింట్లు పుట్టుకకు తీసేసి, చేసిన వృత్తికి ఇచ్చినారు. ఇది నాకు నచ్చింది. అమెరికావాళ్ళు ఇంకా మూతులు ముడుచుకొని వాదించుకుంటున్నారంటే మాత్రం ఆశ్చర్యం లేదు, పుట్టుకతో వచ్చిన పాయింట్లు ఊరికే వదులుకునేదెవరు? రైతుకు బలం, ఓర్పు, వివేకం అని రాసుందనగానే మామిడితోట ఉన్న మా అన్న దోసె తుంచుతా అడిగినాడు: "మూడూ ఇచ్చినారా? గిట్టుబాటు ధర ఇయ్యలేదా?" చేతివృత్తి వాడికి మంత్రం లేని ఏ వస్తువు కొన్నా 20 శాతం తగ్గింపు అని చదివినప్పుడు నాకు నవ్వాగలేదు. మా ఊళ్ళో తగ్గించి అమ్మేది నేతగాడే. వాడు నూలు కొనబోతే ఇరవై కాదు, రెండు శాతం కూడా ఎవుడూ తగ్గించడు. ఆ పుస్తకం రాసినోళ్ళు నగరి చూడలేదు.

ఆ సాయంత్రం అందర్నీ భారతానికి తీసుకుపోయినాను. మా వైపు ధర్మరాజుల గుళ్ళ దగ్గర ఎండాకాలంలో ఈ ఉత్సవం దాదాపు పద్ధెనిమిది దినాలు సాగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, నడుమ అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, చివర దుర్యోధన వధ, అగ్నిగుండం. ఆ రాత్రి జూదం ఘట్టం. పందెం కాసేది దుర్యోధనుడు, పాచిక వేసేది శకుని. ఒకరి బదులు ఒకరు ఆడటమేంది అని ధర్మరాజు అడుగుతాడు, అడిగి కూడా కూర్చుంటాడు. గడ్డం పిల్లోడు ఎగిరి కూర్చున్నాడు. "ఇది ఏ ఎడిషన్ మామా? ఒకరి బదులు ఇంకొకరు వేయొచ్చా?"

ఇంకాసేపటికి ద్రౌపది వేషం వచ్చింది. మీసాలు గొరిగిన మగమనిషే, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది. తనను తాను ముందు ఓడినాడా, నన్ను ముందు ఓడినాడా అని సభను నిలదీసింది. తనే బానిస అయినవాడికి నన్ను పందెం కాసే హక్కెక్కడిది అని. భీష్ముడు గడ్డం సవరించుకొని ధర్మం సూక్ష్మమైనదమ్మా అన్నాడు. విన్నంతవరకూ రూల్సు మీద ఇంతకంటే గట్టి ప్రశ్న ఇంకెవరూ అడగలేదు, ఇంతకంటే మెత్తగా ఎవరూ తప్పించుకోలేదు. పుత్తూరు పిల్ల మా మేనల్లుడి వైపు తిరిగి, "నిన్న రాత్రి నువ్వూ ఇదే కదరా చెప్పినావు" అన్నది.

వాళ్ళకింకా దుర్యోధన వధ చూపించలేదు. మట్టితో చేసిన పేద్ద దుర్యోధనుడు వెల్లకిలా పడుకొనుంటాడు, భీముడు తొడ మీద కొడతాడు. గదాయుద్ధంలో నాభికి కింద కొట్టకూడదనేది రూలు. బలరాముడు నాగలెత్తుకొని మీదికి పోయింది అందుకే. ఏటా వేలమంది నిలబడి ఆ ఫౌలు చూసి చప్పట్లు కొడతారు. ఆ పక్క గెలవాలని మనకుంది కాబట్టి రూలు గుర్తుకు రాదు. పాలడిన్ చేసిందీ అంతకంటే ఎక్కువేం కాదు.

తిరిగొచ్చేటప్పుడు గుడి మంటపం బండ మీద గీతలు చూపించినాను. పులిజూదం. మూడు పులులు, పదహైదు మేకలు, ఇరవై మూడు కూడళ్ళు. మేకలన్నీ దించేదాకా ఒక్క మేకనూ కదిలించకూడదు, పులి ఒకసారికి ఒక మేకనే దూకాల. దీనికి పుస్తకం లేదు. ఎడిషనూ లేదు. అందువల్ల తగాదాలు లేవనుకుంటే పొరపాటు. ఎన్ని మేకలు పోతే పులి గెలిచినట్టనేది ఊరికొక లెక్క. మా వాళ్ళు ఐదంటారు. పళ్ళిపట్టు నుంచి వచ్చే మా బావమరిది ఆరంటాడు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి, పళ్ళిపట్టు మద్రాసు రాష్ట్రంలోకి పోయినాయి. హద్దురాళ్ళు జరిపినంత సులువుగా మేక లెక్క జరపలేకపోయినారు. బావమరిది పులయితే ఐదో మేక దగ్గర నేను లేచిపోను, వాడు మేకయితే ఐదో మేక దగ్గర లెయ్యనే లెయ్యడు.

"మరి ఎట్ల తేలుతుంది మామా?" అని అడిగినాడు దొంగ.

"ఆ పూట మంటపంలో అందరికంటే పెద్దాయన ఎవరుంటే ఆయన చెప్పిందే."

పిల్లోళ్ళు నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎందుకంటే వాళ్ళ పుస్తకాల్లోనూ ఆఖరికి రాసింది అదేనంట: తగాదా తెగకపోతే డంజన్ మాస్టర్ మాటే చెల్లుతుంది. యాభై ఏళ్ళు, ఇన్ని ఎడిషన్లు, పేజీలు వేలకు వేలు అచ్చేసి తేల్చింది ఇదా అని నాకు కొంచెం గర్వమే అయింది.

మా మేనల్లుడు మిద్దెక్కి తీర్పు చెప్పినాడు. మందు కొత్త పుస్తకం, దెబ్బా కొత్త పుస్తకమే, కాబట్టి డ్రాగన్ బతికే ఉంది. గడ్డం పిల్లోడు అరవంలో ఏదో అన్నాడు, నాకు అర్థమైంది, రాయను. మా అవ్వ బొరుగులు తెచ్చి మధ్యలో పెట్టి, "ఎవురు చస్తే నాకేం, పొద్దునకు నా చింతగింజలు లెక్కకు రావాల" అని చెప్పి దిగిపోయింది. వక్క ఇంకా సన్‌షేడ్ మీదే ఉంది.

మీరెప్పుడన్నా నగరి మీదుగా పోతూ మా మంటపంలో ఆటకు కూర్చుంటే ముందే మాట్లాడుకొని కూర్చోండి. పులికి ఐదు మేకలు చాలు. పళ్ళిపట్టోళ్ళు వచ్చి ఆరని చెప్తే నమ్మొద్దు.