ఇంటింటి కొలిమి

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరిలో మొదలైంది. అంతకు ఎంతో ముందునుంచే మన శ్రీకాకుళం, విజయనగరం అవ్వల నోళ్లలో కొలిమి మండుతోంది: అడ్డపొగ! చుట్ట నిప్పున్న కొస నోట్లోకి, నిప్పులేని కొస బయటికి. ఫర్నేసుకైతే లోపల నిప్పుకు తాళే ఇటుకల గోడ ఉంటుంది. అంగిలికి ఏముంది, పుండ్లు తప్ప?

ఉక్కు ఊరికి వలసొచ్చిన మనవలు నాగరికులు కదా, సిగరెట్టుకు మారారు. జనవరి ఒకటిన ‘మానేశా’నని చాటింపు. మానింది కొనడమే, పక్కవాడి పెట్టె ఉండనే ఉంది! ఇంకాస్త పట్టుదల గలవాళ్లు జర్దా పాన్‌లోకి దిగుతారు. క్వార్టర్ల మెట్ల మూలకు ఎర్రరంగు ఉచితం.

సర్కారువారేం తక్కువ తినలేదు. 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగంగా పొగ తాగితే 200 రూపాయల దాకా జరిమానా. వేసవి రాగానే ఛత్తీస్‌గఢ్ అడవుల్లో తునికాకు ఏరించి, బీడీలవాళ్లకు అమ్మేదీ సర్కారువారే. ఆకు మేం అమ్ముతాం, అలవాటు మీరు మానండి. బేరం బాగుంది బాబూ!