ఒంటి మీద బంగారు అక్షరాలు

ఈ కత్తి తన గురించి తాను చెప్పుకునేటప్పుడు కూడా "ఈ కత్తి" అనే అంటుంది. ఆరు శతాబ్దాలకు పైగా తన సంగతులు పక్కవాళ్లు చెబుతుంటే విని విని పట్టుబడిన అలవాటది. పేరు హెషికిరి హసెబె. ఉండేది జపాన్‌లో, ఫుకుఓకా నగర మ్యూజియంలో. అలుగు పొడవు 64.8 సెంటీమీటర్లు. హోదా చూస్తే జాతీయ నిధి. ఇన్ని ఉన్నా, కొట్టిన కమ్మరి సంతకం మాత్రం ఒంటి మీద లేదు.

కోసేశారు మరి. 14వ శతాబ్దంలో కొలిమి నుంచి బయటికొచ్చినప్పుడు ఈ కత్తి ఇంకా పొడుగ్గా ఉండేది. ఆ తరం యోధులకు బారు కత్తులంటే మోజు. తరవాత నడుముకు దోపుకుని తిరిగే కాలం వచ్చింది, పాత కత్తుల్లో చాలావాటికి కోత పడింది. మొన వైపు కోస్తే కత్తి పాడవుతుంది కనుక పిడిలో దాగే తోక వైపే కోస్తారు. కమ్మరి పేరు చెక్కేదీ సరిగ్గా అక్కడే.

హెషికిరి అన్న పేరు ఒక వంటింట్లో వచ్చింది. ఓదా నొబునాగా ప్రభువుకు కన్నై అనే టీ పరిచారకుడి మీద కోపం వచ్చి కత్తి దూశాడట. అతను పారిపోయి పళ్లేలు సర్దే అర కింద దూరాడు. ఎత్తి కొట్టడానికి చోటు లేదు. నొబునాగా కత్తిని అర కిందికి పోనిచ్చి ఊరికే అదిమాడు, మనిషి తెగిపోయాడు. అదిమి కోసింది కనుక హెషికిరి. టీ కలిపే వాడి ప్రాణం తీసి తెచ్చుకున్న పేరును ఈ కత్తి గొప్పగా చెప్పుకోదు. పైగా ఆ కథ ఎంత విన్నా కమ్మరి ఎవరో తేలదు.

తేల్చినవాడు హోన్నామి కోతోకు. హోన్నామి వాళ్లది తరతరాలుగా కత్తులకు సానపట్టి, విలువ కట్టే ఇల్లు. సానపట్టేవాళ్లే వెల కూడా చెప్పడమేమిటని ఎవరికైనా అనుమానం రావచ్చు. కానీ రోజుల తరబడి ఉక్కును రాతి మీద రుద్దినవాడికి తెలిసినంత, దీపం ముందు ఒక్క పూట పట్టుకుని చూసినవాడికి ఎక్కడ తెలుస్తుంది? కోతోకు మొహమాటం లేని మనిషని కూడా ప్రతీతి. తొకుగావా ఇయెయాసు ప్రభువు ప్రాణప్రదంగా దాచుకున్న, మాసమునె అనే కమ్మరి కొట్టిన కత్తిని చూసి, ఇది మంటల్లో పడ్డాక మళ్లీ కాల్చి నీరు పెట్టిన కత్తి, పనికిరాదని మొహం మీదే చెప్పాడంటారు.

అతను ఏమేం చూసి ఉంటాడో ఈ కత్తి ఊహించగలదు, ఎందుకంటే నేటి పరీక్షకులు వెతికేవీ అవే. ముందు ఆకారం: వెడల్పు ఎంత, వంపు ఎంత. దాన్నిబట్టి శతాబ్దం తెలుస్తుంది. తరవాత ఉక్కు అల్లిక. ఉక్కును మళ్లీ మళ్లీ మడిచి కొడతారు కాబట్టి అలుగు మీద చెక్కలో కనిపించేలాంటి చారలు తేలుతాయి. ఆపైన పదును గీత. అలుగుకు మట్టి పూసి, ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచుతారు. మట్టి పలచగా ఉన్నచోట ఉక్కు గట్టిపడి తెల్లగా మెరుస్తుంది. మామూలు కత్తికి ఆ తెలుపు అంచు వెంటే నడుస్తుంది. ఈ కత్తికి మాత్రం వెన్ను దాకా మచ్చలు మచ్చలుగా చిమ్మినట్టుంటుంది.

14వ శతాబ్దంలో ఈ పనికి పేరుపడ్డవాళ్లు కొద్దిమందే. కామకురాలో హిరోమిత్సు, అకిహిరో. క్యోటోలో హసెబె వాళ్లు. ఎవరిదో విడదీయడమే అసలు విద్య. హసెబె పనిలో అంచు దగ్గర, వెన్ను దగ్గర చారలు తిన్నగా సాగుతాయి. మొన దగ్గర పదును గీత గుండ్రంగా తిరిగి వెన్ను వెంట చాలా దూరం వెనక్కి దిగుతుంది. అలా దొరికాడు హసెబె కునిషిగె.

దొరికిన పేరును తోక మీద బంగారంతో పొదిగించారు, కింద కోతోకు గుర్తుతో సహా. కోత పడి సంతకం పోయిన కత్తికి బంగారం, కోత పడకుండానే సంతకం లేని కత్తికి ఎర్ర లక్క. అదీ ఆ ఇంటి పద్ధతి. రెండో పక్క యజమాని పేరు కూడా బంగారంలోనే ఉంది: చికుజెన్ ప్రభువు కురోదా, అంటే కురోదా నాగమాసా.

సంతకం ఉన్న కత్తులను చూసి ఈ కత్తి అసూయపడదు. 17వ శతాబ్దపు కోతెత్సు సంగతే చూడండి. కవచాలు చేసుకునేవాడు కత్తుల్లోకి వచ్చి ఎంత పేరు తెచ్చుకున్నాడంటే, దొంగ సంతకాలకు అతని పేరే మొదట గుర్తొచ్చేది. అందుకే పరీక్షకులు తోకను కప్పేసి, అలుగు మాత్రమే చూపించి, కమ్మరి పేరు చీటీ మీద రాయమనే పోటీలు పెట్టుకుంటారు.

తోకకు పట్టిన తుప్పు కూడా సాక్ష్యమే. నల్లగా, నున్నగా, లోపలి దాకా ఇంకిన తుప్పు శతాబ్దాలు పడితేగానీ రాదు. తాతగారి కత్తి దొరికిందని ఎవరైనా గరుకు కాగితంతో దాన్ని తళతళలాడిస్తే, వయసు చెప్పే గుర్తు ఆ పూటతో పోయినట్టే. పిడి విప్పకుండా తీర్పు చెప్పడమూ అంతే. రెండో ప్రపంచ యుద్ధంలో అధికారుల కత్తుల్లో చాలావరకు కార్ఖానాల్లో పుట్టి, నూనెలో ముంచి గట్టిపరిచినవి. అవే సైనిక పిడుల్లో కొందరు తమ ఇంటి పాత అలుగులు బిగించుకున్నారు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకటే.

ఇప్పుడు ఈ కత్తి కొత్త సంవత్సరం వేళ జనానికి కనిపిస్తుంది. కత్తులను అందగాళ్లుగా చూపించే తోకెన్ రాన్బు అనే వీడియో గేమ్ 2015లో వచ్చాక అమ్మాయిలు బారులు తీరుతున్నారు. వాళ్లలో చాలామందికి కన్నై కథ కంఠతా వచ్చు. కొందరు మాత్రం గాజు ముందు మోకాళ్లు వంచి, దీపం వెలుగు అలుగు మీద జారేలా తల అటూ ఇటూ కదిపి, వెన్ను దగ్గరి చారల కోసం వెతుకుతారు. ఈ కత్తి ఇష్టపడేది వాళ్లనే.